ఒకే ఇంగ్లండ్, మూడు అంచెలు: లేక్ డిస్ట్రిక్ట్, యార్క్ ప్రయాణం

2020 అక్టోబర్ చివరి వారం, కరోనా కాలం, పిల్లలకు బడి మధ్యలో వచ్చే హాఫ్ టర్మ్ సెలవులు. లేక్ డిస్ట్రిక్ట్‌లోని కెజిక్ దగ్గర కాటేజీ ఒకటి ఆరుగురికి బుక్ చేసుకున్నాం: రెడింగ్ నుంచి మేం నలుగురం, స్లౌ నుంచి అక్కా బావా. ఇంగ్లండ్‌లో అప్పటికి ‘ఆరుగురి రూల్’ ఉంది: ఆరుగురికి మించి కలవకూడదు, చంటిపిల్లలు కూడా లెక్కలోకే వస్తారు. స్కాట్లండ్‌లో పన్నెండేళ్ల లోపు వాళ్లను, వేల్స్‌లో పదకొండేళ్ల లోపు వాళ్లను వదిలేశారు. ఇక్కడ ఆ వెసులుబాటు ఎందుకు లేదో ఎవరూ వివరించలేదు. సరే, మేం సరిగ్గా ఆరుగురమే కదా అనుకున్నాం.

అక్టోబర్ 14 నుంచి ఇంగ్లండ్‌లో మూడు టియర్ల (అంచెల) పద్ధతి వచ్చింది: టియర్ 1లో ఆంక్షలు తక్కువ, టియర్ 3లో ఎక్కువ. రెడింగ్ టియర్ 1లో ఉంది. పక్కనే ఉన్న స్లౌ 24 నుంచి టియర్ 2లోకి వెళ్లింది. టియర్ 2 వాళ్లు వేరే ఇంటివాళ్లతో నాలుగు గోడల మధ్య కలవకూడదు, ఎక్కడికి వెళ్లినా ఆ నిబంధన వాళ్ల వెంటే వస్తుంది. అంటే కెజిక్ టియర్ 1 అయినా అక్కావాళ్లు మాతో ఒకే కాటేజీలో ఉండటానికి లేదు.

డబ్బు వెనక్కి ఇమ్మని బుకింగ్ సంస్థకు ఫోన్ చేశాం. “కాటేజీ తెరిచే ఉందండీ, మీరు రావచ్చు, కాబట్టి రీఫండ్ రాదు” అన్నారు. మాలో ఇద్దరు వస్తే చట్టం ఒప్పుకోదు మొర్రో అంటే, అది మా షరతుల్లో లేదన్నారు. చాలా వాదించాక అక్కావాళ్ల వాటాకు డిసెంబర్‌లో వాడుకునేలా వోచర్ ఇచ్చారు. బావగారు ఒక్క మాట అన్నారు: “జాగ్రత్తగా ఉండమంటే ఉంటాం. మా ఊరు ఎన్ని కేసులకు పైకెక్కిందో, ఎన్నికి తగ్గితే కిందికి దిగుతుందో చెప్పరేం?”

నాకూ కోపం వచ్చింది అక్కడే. మే నెలలో మన దేశంలో జిల్లాలకు రెడ్, ఆరెంజ్, గ్రీన్ రంగులు వేసినప్పుడు గుంటూరు రెడ్‌లో ఉంది. అమ్మ ఇల్లు కదలడానికి లేదు, అవస్థలు పడింది. కానీ 21 రోజులు కొత్త కేసు లేకపోతే జిల్లా గ్రీన్ అవుతుందని అమ్మకు తెలుసు. రోజూ టీవీ చూసి లెక్క చెప్పేది. ఇక్కడ టియర్ 3లోకి వెళ్లిన లివర్‌పూల్ వాళ్లకు బయటపడే కొలత ఏదీ చెప్పలేదు. ఈ టియర్ల పద్ధతిని ప్రకటించిన రోజునే, టియర్ 3 కనీస ఆంక్షలు మాత్రమే అయితే సరిపోతాయన్న నమ్మకం తనకు లేదని ఇంగ్లండ్ చీఫ్ మెడికల్ ఆఫీసర్ క్రిస్ విట్టీ ప్రధాని బోరిస్ జాన్సన్ పక్కనే నిలబడి చెప్పారు. అదే రాత్రి బయటకొచ్చిన, ప్రభుత్వానికి శాస్త్ర సలహాలిచ్చే సేజ్ కమిటీ పత్రాల్లో, సెప్టెంబర్ 21నే శాస్త్రవేత్తలు కొద్దికాలం పాటు దేశమంతా కట్టడి చేయడాన్ని పరిశీలించమన్నారని ఉంది. ఇవన్నీ విన్న మనిషి ఏ మాట నమ్మాలి?

మేం నలుగురమే బయల్దేరాం. ఎం6 మోటార్‌వే మీద బర్మింగ్‌హామ్ టియర్ 2, లాంకషైర్ టియర్ 3, అది దాటగానే కెజిక్ ఉన్న కంబ్రియా టియర్ 1. కంబ్రియాలోనే బారో మాత్రం టియర్ 2. టియర్ 3 మీదుగా పోవచ్చన్నారు. పిల్లలకు బాత్రూమ్ అవసరమైతే దిగొచ్చో లేదో మాకు దొరికిన ఏ పేజీలోనూ స్పష్టంగా లేదు. లాంకషైర్ దాటేదాకా ఓపిక పట్టమని పిల్లల్ని బతిమాలుకుంటూ రోడ్డు పక్క ఆగే చోటైన టెబే సర్వీసెస్ దాకా లాక్కొచ్చాం. ఆ దారిలో ఆగితే అక్కడే ఆగండి. సొంత ఫార్మ్ షాప్, బాతుల చెరువు, శుభ్రమైన టాయిలెట్లు. దూరం పాటించమని చెప్పే మనిషి కూడా నవ్వుతూనే చెప్పాడు. కొంచెం ఖరీదెక్కువ, అయినా పర్వాలేదు.

కాటేజీ బాగుంది. తలుపులు, స్విచ్‌లు ఎప్పుడు తుడిచారో రాసి పెట్టారు. వంటింట్లో కుక్కర్ పట్టేంత పెద్ద పొయ్యి ఉంది. కాజిల్‌రిగ్ రాతి వలయానికి టికెట్ లేదు, బుకింగ్ లేదు. దాదాపు 5,000 ఏళ్ల నాటి రాళ్ల మధ్య, చుట్టూ కొండలు, పులిహోర తింటూ కూర్చున్నాం. డర్వెంట్‌వాటర్ ఒడ్డు నడకకు హాయి. పిల్లలతో వెళ్తే క్యాట్‌బెల్స్ కొండ (451 మీటర్లు) ఎక్కొచ్చు కానీ పైన కొన్నిచోట్ల రాళ్లు పట్టుకుని ఎక్కాలి, వానలో వద్దు. విండర్‌మియర్ సరస్సు పెద్దదే గానీ దాని ఒడ్డున ఉన్న బౌనెస్‌లో జనం ఎక్కువ. రెండిట్లో ఒకటే అంటే నా ఓటు కెజిక్‌కే.

కెజిక్ పబ్‌లో చూసింది చెప్పాలి. గుమ్మంలో, వచ్చినవాళ్ల వివరాలు నమోదు చేసుకునే ఎన్‌హెచ్ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) యాప్ క్యూఆర్ కోడ్ పోస్టర్. ముందున్న పెద్దాయన దగ్గర బటన్ల ఫోనే ఉంది. కౌంటర్ అమ్మాయి దారంతో పెన్సిల్ కట్టిన నోట్‌బుక్ ఇస్తే, కళ్లజోడు తీసి, పేరూ నంబరూ గుండ్రటి అక్షరాల్లో రాసి, టైమ్ కూడా వేశాడు. ఎవరూ అడగకుండానే పెన్సిల్‌ను శానిటైజర్‌తో తుడిచి పెట్టాడు. జనం మాట వినడం లేదని మంత్రులు టీవీలో నిష్ఠూరాలాడినప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు నాకు.

అక్కణ్నుంచి ఏ66 మీద యార్క్‌కు. దారిలో బర్నార్డ్ కాజిల్ బోర్డు కనిపించింది. లాక్‌డౌన్‌లో, ఏప్రిల్‌లో ప్రధాని సలహాదారు డొమినిక్ కమింగ్స్ కంటిచూపు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి కారు నడిపానన్న ఊరు అదే. మా ఆయన మాట్లాడకుండా బండి నడిపారు. ఆ నెలల్లోనే వాళ్ల నాన్నగారి కర్మను ఆయన జూమ్‌లో చూశారు.

యార్క్ టియర్ 2. ఒకే ఇంటివాళ్లం కాబట్టి ఇబ్బంది లేదు. రైల్వే మ్యూజియం ఉచితం, అప్పట్లో టైమ్ ముందే బుక్ చేసుకోవాల్సి వచ్చింది. ఆవిరి ఇంజన్లలో వేగంలో రికార్డు కొట్టిన మల్లార్డ్‌ను మా వాడు వదల్లేదు. షాంబుల్స్ సందు ఖాళీగా, నడవడానికి బాగుంది, దుకాణదారుల ముఖాలు మాత్రం దిగాలుగా ఉన్నాయి. దిగిన హోటల్ గురించి గొప్పగా చెప్పలేను. గది రోజూ ఊడ్చలేదు, టిఫిన్ కాగితం సంచిలో ఇచ్చారు, రేటు మాత్రం పైసా తగ్గలేదు. జాగ్రత్తల పేరుతో సేవలు తగ్గించినప్పుడు ఆ సంగతి బుకింగ్‌లోనే చెప్పాలి.

తిరుగు దారి ఎం1. సౌత్ యార్క్‌షైర్ టియర్ 3, మేం దాటుతున్న రోజే నాటింగ్‌హామ్‌షైర్ కూడా టియర్ 3. టియర్ 3లోనూ తేడాలే: లివర్‌పూల్‌లో మొదట జిమ్‌లు మూయించారు, లాంకషైర్‌లో తెరిచి ఉంచారు. టియర్ 3లోకి వెళ్లే గ్రేటర్ మాంచెస్టర్‌కు సాయంగా 6.5 కోట్ల పౌండ్లు కావాలని అక్కడి మేయర్ ఆండీ బర్నమ్, 6 కోట్లే అని కేంద్రం, ఆ బేరం అందరి ముందే నడిచింది. జీతం పోయిన బార్ ఉద్యోగికి అది ఎంత అవమానం!

ఇల్లు చేరిన మర్నాడే, అక్టోబర్ 31 శనివారం సాయంత్రం, గంటల కొద్దీ ఆలస్యంగా ప్రధాని వచ్చి నవంబర్ 5 నుంచి దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. డిసెంబర్ 2న టియర్లు మళ్లీ వచ్చాయి. మా జిల్లా బెర్క్‌షైర్‌లో స్లౌ ఒక్కటే టియర్ 3. అక్కావాళ్ల వోచర్ అక్కరకు రాలేదు. డిసెంబర్ 20కి మా జిల్లా మొత్తం కొత్తగా పుట్టిన టియర్ 4లో పడింది.

బుక్ చేసేవాళ్లు ఒక్కటి అడగండి: మీరు వెళ్లే చోట కాదు, మీరుండే చోట ఆంక్షలొస్తే డబ్బు వెనక్కిస్తారా అని. జవాబు మెయిల్‌లో తీసుకోండి.

2021 ఫిబ్రవరి 22న ప్రకటించిన, ఆంక్షలు సడలించే రోడ్‌మ్యాప్‌లో నాలుగు పరీక్షలు, ఒక్కో దశకు ‘దీనికంటే ముందు కాదు’ అని తేదీలు, దేశమంతటికీ ఒకే లెక్క ఉన్నాయి. అది చూసే బావగారు ధైర్యంగా అదే కాటేజీ మళ్లీ బుక్ చేశారు. మే 17న రెండు ఇళ్లవాళ్లు ఒక కప్పు కింద ఉండొచ్చన్నారు. ఆ నెలాఖరులో ఆరుగురం వెళ్లాం.