జాగ్రత్త: బోరు నీళ్ల ఇంటికి గీజర్ కొంటున్నారా? టీడీఎస్ నంబర్ చూసి మోసపోకండి

బోరు నీళ్లు వాడే ఇంటికి గీజరో, వాషింగ్ మెషీనో కొనబోతున్నవాళ్లు ఇది చదివాకే బిల్లు వేయించుకోండి. మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదనే రాస్తున్నాను.

మాది హైదరాబాద్‌లో మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్. మున్సిపల్ నీళ్లు వంటకే సరిపోతాయి. స్నానాలకు, బట్టలకు అంతా బోరే. ఎండాకాలంలో ట్యాంకర్ తెప్పిస్తాం, అదీ ఎక్కడో తోడిన బోరు నీళ్లే. మేం ఇక్కడికి మారిన కొత్తలోనే అమ్మ "ఈ నీళ్లకి కందిపప్పు ఉడకదే" అంది. ఆ మాట అప్పుడే పట్టించుకోవాల్సింది.

15 లీటర్ల గీజర్ కొన్నప్పుడు షోరూమ్ నుంచి వచ్చిన కుర్రాడు జేబులోంచి పెన్నులాంటి టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో చూపేది) తీసి మగ్గులో ముంచాడు. 780 చూపించింది. "పర్లేదు మేడమ్, ఈ సాఫ్టెనర్ (నీళ్లలో సున్నం తగ్గించే పరికరం) పెట్టించుకుంటే గీజర్‌కి ఏమీ కాదు" అని 2,200 రూపాయలకు ఒక ఫిల్టర్ అంటగట్టాడు. లోపల పటిక బెల్లంలాంటి తెల్లటి గడ్డలు ఉంటాయి.

14వ నెలలో గీజర్ చిటపటమనడం మొదలుపెట్టింది. తర్వాత నీళ్లు గోరువెచ్చగానే వచ్చేవి. ఒకరోజు అసలు వేడెక్కలేదు. కంపెనీ మెకానిక్ వచ్చి కింది ప్లేటు విప్పితే బకెట్‌లో సగం దాకా తెల్లటి పెచ్చులు రాలాయి, గోడకు వేసిన సున్నం ఊడినట్టు. కాయిల్ మీద వేలెడు మందాన గట్టిగా పట్టేసింది. నీళ్లలోకి పోవాల్సిన వేడి ఆ పొర కిందే ఆగిపోయి కాయిల్ కాలిపోయిందట. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను అరిగిపోయే యానోడ్ రాడ్ అయితే పుల్లలా మిగిలింది. రెండేళ్ల వారంటీ ఉంది కదా అంటే కార్డు వెనక సన్నక్షరాలు చూపించాడు: హార్డ్ వాటర్ (సున్నం ఎక్కువున్న నీళ్లు) వల్ల పేరుకున్న స్కేల్‌కు, అంటే ఆ తెల్లటి పొరకు, వారంటీ వర్తించదు.

ఆ తర్వాత హార్డ్‌నెస్ (నీళ్ల కాఠిన్యం) టెస్ట్ కిట్ తెప్పించాను. సీసాలో నీళ్లు పోసి రంగు మందు కలిపితే ఎర్రబడతాయి. ఆపై రెండో మందు ఒక్కో చుక్కా వేస్తూ నీలం అయ్యేదాకా లెక్కపెట్టాలి. మా కిట్‌లో ఒక్కో చుక్క అంటే లీటరుకు 25 మిల్లీగ్రాముల హార్డ్‌నెస్. ఫిల్టర్‌కి ముందు నీళ్లకు 24 చుక్కలు పట్టాయి, అంటే 600. ఫిల్టర్ దాటిన నీళ్లకూ 24 చుక్కలే! నాకు కడుపు మండిపోయింది.

తెలిసిందేమిటంటే, టీడీఎస్ మీటర్ నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒక అంచనా చెబుతుంది. గీజర్‌ను తినేసేది అందులోని కాల్షియం, మెగ్నీషియం. వాటి సంగతి ఆ నంబర్‌లో తెలియదు. ఫిల్టర్‌లోని ఆ తెల్ల గడ్డలు పాలీఫాస్ఫేట్ అనే రసాయనం. అవి సున్నాన్ని తీసేయవు, అంటుకోకుండా కొంత ఆపుతాయంతే. బాగా వేడెక్కే నీళ్లలో ఆ పనీ తగ్గిపోతుంది. పైగా కరిగిపోతుంటాయి కాబట్టి మళ్లీ నింపాలి. ఆ కుర్రాడు ఇదేదీ చెప్పలేదు. అసలైన సాఫ్టెనర్‌లో కాల్షియం, మెగ్నీషియంలను పట్టేసుకునే రెజిన్ గుళికలు ఉంటాయి, వాటిని ఎప్పటికప్పుడు ఉప్పు నీళ్లతో కడుగుతుండాలి. "ఉప్పు పోయనక్కర్లేదు" అని ఎవరైనా సాఫ్టెనర్ అమ్మితే అక్కడే ఆగండి.

ఇంకోటి, తాగే నీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో హార్డ్‌నెస్ 200 దాకా ఉండొచ్చు, వేరే దారి లేకపోతే 600 దాకా. అది మనుషులు తాగడానికి పెట్టిన హద్దు. దాన్ని చూపించి "మీ నీళ్లు లిమిట్‌లోనే ఉన్నాయి" అంటే గీజర్‌కి భరోసా ఇచ్చినట్టు కాదు.

కొనేముందు కిట్‌తో చూసుకోండి. ట్యాంకర్ నీళ్లనూ విడిగా చూడండి. వారంటీ కార్డు డబ్బు కట్టకముందే అడిగి తీసుకుని, స్కేల్ గురించి ఏం రాశారో చదవండి. ఇప్పటికే గీజర్ ఉంటే వేడి 60 డిగ్రీల లోపు పెట్టండి, అంతకు మించితే సున్నం ఇంకా వేగంగా పడుతుంది. ఏడాదికోసారి విప్పించి కడిగించి, యానోడ్ రాడ్ చూపించుకోండి. చిటపట శబ్దం వస్తే మాత్రం ఏడాది దాకా ఆగొద్దు.

కొత్త కాయిల్‌కి, రాడ్‌కి మా చేతి డబ్బే పడింది. ఫిల్టర్ డబ్బు వెనక్కివ్వమని షోరూమ్‌కి రెండుసార్లు రాశాను, జవాబు లేదు. బిల్లులో "సాఫ్టెనర్" అని వాళ్లే రాసిచ్చారు. ఆ బిల్లు, రెండు సీసాల ఫొటోలు దగ్గర పెట్టుకుని ఈ సోమవారం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను.