విదేశంలో ఉంటూ హాబీ పత్రికలు తెప్పించుకోవడం: షాపు, చందా, డిజిటల్ సేవలపై ఒక సమీక్ష

ఒక నమూనా ఆవిరి ఇంజను తయారీని ఆరు నెలల పాటు ధారావాహికగా వివరించే వ్యాసంలో నాలుగో భాగం ఉన్న సంచిక చేతికి రాకపోతే, మిగిలిన ఐదు సంచికలు ఎంత త్వరగా వచ్చినా పని అక్కడితో ఆగిపోతుంది. వార్తాపత్రిక ఆలస్యమైతే పాతబడిపోతుంది. హాబీ పత్రిక విషయంలో అలా కాదు. బాయిలరు మూతను అతికించే పద్ధతి మూడు నెలల తరువాత చదివినా అదే పద్ధతి. అందువల్ల స్వదేశానికి దూరంగా ఉంటూ మరో దేశంలో అచ్చయ్యే హాబీ పత్రికలను చదివేవారు ఏ సేవనైనా వేగాన్ని బట్టి కాక, వరుస తెగకుండా అందించగలదా లేదా అన్నదాన్ని బట్టి అంచనా వేయాలని నా అభిప్రాయం. చాలా ఏళ్లుగా దిగుమతి పత్రికలు అమ్మే షాపులను, ప్రచురణకర్తలకు నేరుగా కట్టే చందాలను, డిజిటల్ సంచికలను వాడి చూసిన అనుభవంతో, ఈ ఒక్క కొలబద్దతోనే ఇక్కడ వాటిని పరిశీలిస్తున్నాను. నా అభిరుచి నమూనా రైళ్లు. మా ఇంట్లో క్రోషే, కుట్టుపని పత్రికలు కూడా వస్తాయి కనుక వాటి ప్రస్తావన కూడా మధ్యమధ్యలో ఉంటుంది.

మొదట షాపుల సంగతి. పత్రిక అచ్చయిన దేశంలో షాపువాడికి ఒక ధీమా ఉంటుంది: అమ్ముడుపోని ప్రతులను పంపిణీదారుకు వాపసు చేయవచ్చు. సముద్రం దాటి వచ్చిన పత్రికకు వాపసు ఖర్చు గిట్టుబాటు కాదు కాబట్టి దిగుమతి ప్రతులకు ఆ సౌకర్యం చాలాసార్లు ఉండదు, మిగిలిపోయినది షాపువాడి నష్టమే. దిగుమతి పత్రికల అరలో ఒక్కో పత్రికకు రెండు మూడు ప్రతులకు మించి కనిపించకపోవడానికి, గత నెల కనిపించిన పత్రిక ఈ నెల మాయం కావడానికి కారణం ఇదే. షాపువాడి అశ్రద్ధను తిట్టుకోవడం అన్యాయం. అయితే మన కొలబద్దతో చూస్తే మాత్రం అర మీద ఆధారపడే పాఠకుడికి ఏడాదిలో ఒకటి రెండు సంచికలైనా తప్పిపోవడం ఖాయం. నెలనెలా ఒక ప్రతిని మన పేరున పక్కన పెట్టమని షాపులో ముందుగా చెప్పి, తప్పకుండా కొంటామన్న నమ్మకం కలిగిస్తే పరిస్థితి బాగా మెరుగవుతుంది. ఆ ప్రతి ఇక షాపువాడికి నష్టభయం లేని ప్రతి.

షాపుకున్న గొప్ప సుగుణం తిరగేసి చూసే అవకాశం. ఒక పత్రిక మనకు పనికొస్తుందో లేదో పది నిమిషాలు పుటలు తిప్పితే తెలిసినంతగా ఏ ప్రకటనను చదివినా తెలియదు. ముఖచిత్రం మీది నెలను చూసి మాత్రం మోసపోకూడదు. జూన్ అని ముద్రించిన సంచిక అచ్చయిన దేశంలో మే నెలలోనో అంతకు ముందో విడుదలై ఉండవచ్చు. కాబట్టి జూన్‌లో జూన్ సంచికను చూసి ఇది తాజాగా వచ్చిందనుకుంటే పొరపాటు. సంచికను గుర్తించడానికి నెల కంటే సంచిక సంఖ్య నమ్మదగినది. చాలా దేశాల పత్రికలపై 977తో మొదలయ్యే బార్‌కోడ్ ఉంటుంది. అందులో పత్రికకు కేటాయించిన ఎనిమిది అంకెల గుర్తింపు సంఖ్య ఐఎస్ఎస్ఎన్‌లోని మొదటి ఏడు అంకెలు ఇమిడి ఉంటాయి, పక్కనున్న చిన్న బార్‌కోడ్ సంచికను సూచిస్తుంది. పేర్లు దాదాపు ఒకేలా ఉండే పత్రికలు ఈ రంగంలో చాలా ఉన్నాయి కనుక, తెప్పించి పెట్టమని అడిగేటప్పుడు పేరుతో పాటు ఐఎస్ఎస్ఎన్ కూడా రాసి ఇవ్వడం మంచిది. ఇంకొక మాట: ముఖచిత్రానికి అతికించి ఇచ్చే ఉచిత వస్తువులు, చిన్న కిట్లు, స్టిక్కర్లు దిగుమతి ప్రతుల్లో ఒక్కోసారి ఉండవు. అవి ఉన్నాయని అట్ట మీద ఉన్న అక్షరాలు మాత్రం అలాగే ఉంటాయి.

అసలు పరీక్ష ప్రచురణకర్తకు నేరుగా కట్టే చందాలోనే. అమెరికాలో 1934 జనవరిలో మొదలైన 'మోడల్ రైల్‌రోడర్', 1949లో మొదలై, తరువాత పీకో సంస్థ చేతికి వచ్చి ఇంగ్లండులోని డెవన్ ప్రాంతపు బీర్ గ్రామం నుంచి వెలువడుతున్న 'రైల్వే మోడలర్' వంటి పత్రికలకు విదేశీ చందాదారులు కొత్త కాదు. అయినా విదేశీ చందా అనేది మనం ఊహించుకున్నంత సూటి వ్యవహారం కాదు. ప్రచురణకర్త ప్రతి చిరునామాకూ విడిగా తపాలా బిళ్ల అతికించి పంపడు. సంచికలన్నిటినీ ఒక మధ్యవర్తి సంస్థకు అప్పగిస్తాడు, ఆ సంస్థ వాటిని దేశాలవారీగా మూటలు కట్టి, ఒక్కోసారి మూడో దేశపు తపాలా ద్వారా పంపుతుంది. అచ్చయిన దేశానికీ మనమున్న దేశానికీ సంబంధం లేని ముద్రతో పత్రిక ఇంటికి వస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. ఈ పద్ధతిలో ఖర్చు తగ్గుతుంది, కానీ దారిలో పత్రిక ఎక్కడుందో చెప్పగలిగే నాథుడు ఉండడు. అమెరికా తపాలా శాఖ 2007 మే నెలలో అంతర్జాతీయ ఉపరితల తపాలాను నిలిపివేయడంతో అక్కడి ప్రచురణకర్తలకు ఓడ మీద చవకగా పంపే పాత దారి కూడా మూసుకుపోయింది. విదేశీ చందాల్లో తపాలా ఖర్చు పత్రిక వెలను కూడా మించిపోవడం వెనుక ఇటువంటి మార్పులున్నాయి.

నాకు ఎదురైన ఒక సంఘటన చెప్పాలి. ఒక ప్రచురణకర్త నుంచి మూడు నెలలు ఏ సంచికా రాలేదు. నాలుగో నెలలో ఒకే రోజున మూడు కవర్లు వచ్చాయి, విప్పి చూస్తే అందులో రెండు ఒకే సంచిక. రావలసిన మధ్య సంచిక రాలేదు. ఉత్తరం రాస్తే, సంచిక అందలేదన్న ఫిర్యాదును విడుదలైన తేదీ నుంచి నిర్ణీత కాలంలోపే పంపాలని, ఆ గడువు దాటిందని జవాబు వచ్చింది. విదేశీ చందాదారుడికి ఆ సంచిక ఆలస్యమైందో, అసలు రాదో తేలేసరికే ఆ గడువు ముగిసిపోతుందన్న సంగతి ఆ నియమం రాసినవారికి తట్టినట్టు లేదు. దీనికి పూర్తి విరుద్ధంగా మరొక చిన్న ప్రచురణ సంస్థ, నేను అడిగిన వారంలోనే ప్రశ్నలేవీ వేయకుండా మరో ప్రతిని పంపింది. మొదటి ప్రతి కూడా తరువాత వచ్చింది. దాన్ని ఇక్కడి మిత్రుడికి ఇచ్చాను, ఇప్పుడు ఆయన కూడా ఆ పత్రికకు చందాదారు. చందా కట్టే ముందు విదేశీ చందాదారులకు పోయిన సంచిక విషయంలో ఎంత గడువు ఇస్తారో అడిగి తెలుసుకోవడం, తొలి చందాను ఒక్క ఏడాదికే పరిమితం చేయడం ఈ అనుభవం నాకు నేర్పిన రెండు జాగ్రత్తలు. రెండేళ్లకో మూడేళ్లకో కడితే ఇచ్చే తగ్గింపు ఆకర్షణీయంగానే ఉంటుంది. కానీ పరాయి దేశంలో అద్దె ఇళ్లు మారే మనలాంటివారికి మూడేళ్ల పాటు ఒకే చిరునామా ఉంటుందన్న హామీ ఎవరిస్తారు? చిరునామా మార్పు నమోదయ్యేలోపు ఒకటి రెండు సంచికలు పాత ఇంటికే పోతాయి.

చందా కాలాన్ని ఏళ్లలో కాక సంచికల్లో లెక్కించడం కూడా అవసరం. నాలుగు వారాలకొకసారి వెలువడే పత్రికకు ఏడాదికి 13 సంచికలు, రెండు నెలలకొకసారి వచ్చేదానికి 6. ఒక్కో సంచికకు తపాలాతో కలిపి ఎంత పడుతుందో భాగించి చూస్తే గాని ఏది చవకో తేలదు. ప్యాకింగ్ విషయంలో నా ఓటు గట్టి అట్ట కవరుకే, ఎందుకంటే పలుచని కాగితపు తొడుగులో వచ్చిన పత్రికల మూలలు నలగడమే కాక, వాన కాలంలో పుటలు ఒకదానికొకటి అంటుకుపోయిన సందర్భాలూ ఉన్నాయి.

ఇంత శ్రమపడి తెప్పించుకున్న పత్రిక మనమున్న చోట ఎంతవరకు పనికొస్తుందన్నది విడిగా ఆలోచించాల్సిన విషయం. బ్రిటిష్ నమూనా రైళ్ల పత్రికల్లోని గీతలు (నిర్మాణ చిత్రాలు) ఎక్కువగా 1:76 నిష్పత్తిలో, అంటే అసలు బండిలోని ఒక అడుగుకు నాలుగు మిల్లీమీటర్ల లెక్కన ఉంటాయి. మిగిలిన ప్రపంచంలో ఎక్కువమంది వాడే హెచ్‌ఓ నిష్పత్తి 1:87, అంటే అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లు. చిత్రమేమిటంటే రెండూ నడిచేది 16.5 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒకే పట్టాల మీద. కనుక పట్టాల పథకాన్ని నేరుగా వాడుకోవచ్చు, భవనాల గీతలను మాత్రం 87.5 శాతానికి కుదించుకోవాలి. క్రోషేలో చిక్కు ఇంతకంటే లోతైనది. బ్రిటిష్ పత్రిక డబుల్ క్రోషే అన్న అల్లికను అమెరికా పత్రిక సింగిల్ క్రోషే అంటుంది, బ్రిటిష్ ట్రెబుల్ అమెరికాలో డబుల్ అవుతుంది. ఏ దేశపు పత్రికో చూడకుండా అల్లడం మొదలుపెడితే పిల్లల స్వెట్టరు పెద్దల కొలతకు తయారయ్యే ప్రమాదం ఉంది. ఇది ఊహించి రాసిన మాట కాదు. ఖగోళ పత్రికలదైతే ఇంకా వేరే కథ: ఉత్తరార్ధగోళపు మధ్య అక్షాంశాల కోసం గీసిన నెలవారీ నక్షత్ర పటం దక్షిణార్ధగోళంలో ఉన్నవారికి చాలా మేరకు నిరుపయోగం. అక్కడి నుంచి ధ్రువ నక్షత్రమే కనిపించదు. తోటపని పత్రికల్లోనూ ఋతువులు తలకిందులవుతాయి. ఇటువంటి అభిరుచులున్నవారు తాము నివసించే అర్ధగోళంలో వెలువడే పత్రికను వెతుక్కోవడమే మేలు.

భాష రాకపోవడం మాత్రం నేను భయపడినంత పెద్ద అడ్డంకి కాలేదు. ఎన్నె బుర్డా 1950లో ప్రారంభించిన జర్మన్ కుట్టుపని పత్రికలో కత్తిరింపు నమూనాలన్నీ ఒకే పెద్ద కాగితం మీద ఒకదానిపై ఒకటి గీసి ఉంటాయి. రంగును, గీత తీరును, అంకెను అనుసరించి మనకు కావలసిన ముక్కను పలుచని కాగితంపై దించుకోవాలి. ఆ పనికి జర్మన్ భాష కంటే ఓపిక ఎక్కువ అవసరం. కుట్టు కోసం వదలాల్సిన అంచును సంప్రదాయంగా ఆ గీతల్లో కలపరన్న ఒక్క సంగతి తెలియకపోతే మాత్రం గుడ్డ పాడవుతుంది. జపాను నమూనా పత్రికలనూ ఫోటోల వరుసను బట్టి చాలావరకు అనుసరించవచ్చు.

డిజిటల్ సంచికలు వరుస తెగకపోవడం అన్న పరీక్షలో సులువుగా నెగ్గుతాయి. విడిగా సంచికలు అమ్మే జినియో, చందా కడితే అనేక పత్రికలు చదవనిచ్చే రీడ్లీ వంటి సేవల్లో సంచిక తపాలా కోసం ఎదురుచూడకుండానే తెర మీదికి వస్తుంది, అయితే కొన్ని పత్రికలు, కొన్ని సేవలు కొన్ని దేశాలవారికి అందవు. గ్రంథాలయ సభ్యత్వం ఉన్నవారు లిబీ యాప్ ద్వారా పత్రికలను ఉచితంగానే చదవవచ్చు. పుస్తకాల్లాగా వరుసలో నిలబడి ఎదురుచూడాల్సిన పని కూడా ఉండదు, ఏ పత్రికలు దొరుకుతాయన్నది ఆ గ్రంథాలయం తీసుకున్న జాబితాను బట్టి ఉంటుంది. కొందరు ప్రచురణకర్తలు డిజిటల్ చందాతో దశాబ్దాల పాత సంచికలన్నిటినీ తెరిచి పెడతారు, నా దృష్టిలో ఈ సదుపాయం కొత్త సంచికల కంటే విలువైనది. కానీ అది అద్దె ఇల్లు లాంటిది. చందా ఆగిన మరునాడు ఆ భాండారం తలుపు మూసుకుంటుంది.

డిజిటల్‌కున్న అసలు లోపం కొలతల దగ్గర బయటపడుతుంది. అచ్చు సంచికలో మడత పెట్టి ఇచ్చే పూర్తి పరిమాణపు గీత, తెర మీద రెండు పుటల బొమ్మగా ముక్కలైపోతుంది. ప్రింటు తీసుకుందామంటే చాలా యాప్‌లు ఒప్పుకోవు. ఒప్పుకున్నా, అమెరికా లెటర్ కాగితం 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 పొడవు అయితే ఏ4 కాగితం 210 వెడల్పు, 297 పొడవు కావడం వల్ల ప్రింటరు గీతను కాగితానికి సరిపెట్టే ప్రయత్నంలో తనంతట తానే కుదించేస్తుంది. ఆ కుదింపు కంటికి ఆనదు, నాలుగు గోడలు కత్తిరించి అతికించేటప్పుడు తెలుస్తుంది. నూరు శాతం పరిమాణమని ఎంచుకుని, ప్రింటు మీది కొలత గీతను స్కేలుతో సరిచూసుకున్న తరువాతే కత్తెర పట్టుకోవాలి.

ఈ మూడింటినీ చూశాక ప్రస్తుతం నేను పాటిస్తున్న పద్ధతి ఇది: గీతలు, నమూనా కాగితాలు ఉండే రెండు పత్రికలకు అచ్చు చందా, కేవలం చదువుకునే వాటికి గ్రంథాలయం ద్వారా డిజిటల్, కొత్త పత్రికలను పరిచయం చేసుకోవడానికి మాత్రం షాపు. తప్పిపోయిన సంచికల కోసం అభిరుచి సంఘాల్లో వృద్ధ సభ్యులు వదిలించుకునే పాత కట్టలను అడగడం అన్నిటికంటే చవక. దూరదేశం నుంచి పాత కట్టలు తెప్పించుకోవాలంటే, ముద్రిత సామగ్రిని ఒకే చిరునామాకు సంచిలో కట్టి పంపే ఎం బ్యాగ్ అనే తపాలా పద్ధతి ఒకటి ఉంది. ఒక్కో సంచిలో 30 కిలోల వరకు పట్టే ఈ సేవ అన్ని దేశాల్లోనూ లేదు, ఉన్నచోట కూడా కౌంటరులోని ఉద్యోగికి దాని పేరు తెలియకపోవచ్చు, అప్పుడు ఓపికగా వారి నిబంధనల పుస్తకంలోనే వెతికించాలి. నా నాలుగో భాగం అటువంటి ఒక సంచిలోనే, పదిహేడేళ్ల సంచికల మధ్య నుంచి దొరికింది. బాయిలరు మూత ఇప్పుడు అతుక్కుంది, పొగగొట్టం పని మొదలుపెట్టాను.