పొదుగు కోడా, ఇంక్యుబేటరా?

పెరట్లోకి పది కోడిపిల్లలు చాలనుకుంటే నాటు పెట్టను మించింది లేదు. గంపలో వరిగడ్డి పరిచి పది పన్నెండు గుడ్లు పెడితే వేడి, తేమ, గుడ్లు తిప్పడం అన్నీ అదే చూసుకుంటుంది. ఇరవై ఒకటో రోజుకి పిల్లలు. వాటిని రెక్కల కింద కాచేదీ, మేత ఏరుకోవడం నేర్పేదీ కూడా అదే. దగ్గర్లో నీళ్లు, గింజలు పెట్టి, పిల్లినీ పామునీ రానివ్వకపోతే చాలు.

చిక్కల్లా, మనకి కావాల్సినప్పుడు అది పొదుగుకి రాదు. పిల్లల్ని తిప్పుకున్నన్నాళ్లూ గుడ్లూ పెట్టదు. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పెట్టలైతే పొదుగుకి రావడమే అరుదు. నల్లకోడి కడక్‌నాథ్‌దీ అదే వరస.

గుడ్లు పొదిగే మెషిన్, అంటే ఇంక్యుబేటర్, ఎప్పుడంటే అప్పుడు సిద్ధం, గుడ్లూ ఎక్కువ పడతాయి. కానీ కాపలా మనదే. ఫ్యాన్ ఉన్నదైతే 37.5 డిగ్రీలు నిలకడగా ఉండాలి. తేమ 18 రోజులు 50-55 శాతం, చివరి మూడు రోజులు 65-70. మొదటి 18 రోజులూ రోజుకి కనీసం మూడుసార్లు గుడ్లు తిప్పి, ఆపైన ముట్టుకోకూడదు. ఎంత ఆత్రంగా ఉన్నా మూత తీయకూడదు! కరెంటు పోతే టెన్షన్ సరేసరి. పిల్లలొచ్చాక మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీల వెచ్చదనం మనమే ఇవ్వాలి.

నా ఓటు పెట్టకే. మంచి జాతి గుడ్లు తెచ్చి దాని కిందే పెట్టొచ్చు. ఏటా యాభై పిల్లలకు పైగా కావాలంటేనే మెషిన్ కొనండి, అదీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటేనే.