ఏడేళ్లు నడిపిన జంట మెయిల్ సర్వర్లు

మా కళాశాలకు మెయిల్ సర్వరు ఒక్కటే ఉన్న రోజుల్లో అది ఆగితే ఫోన్లన్నీ నాకే వచ్చేవి. 2018 వేసవిలో దాన్ని రెండు సర్వర్ల క్లస్టరుగా, అంటే ఒకటి ఆగితే రెండోది పని అందుకునే జంటగా, మార్చాను. ఇప్పటికీ ఆగితే ఫోన్లు నాకే వస్తాయి. ఆగడం మాత్రం బాగా తగ్గింది. కానీ ఈ ఏడేళ్లలో మెయిల్ ఆగిన సందర్భాల్లో సగానికి పైగా క్లస్టరు తెచ్చిపెట్టినవే.

మెయిల్ పంపడానికీ అందుకోవడానికీ పోస్ట్‌ఫిక్స్, మెయిల్‌బాక్సులు తెరవడానికి డవ్‌కాట్ వాడుతున్నాను. రెండు యంత్రాల డిస్కులనూ ఒకేలా ఉంచేది డీఆర్‌బీడీ. ఒకదాని క్షేమం మరొకటి కనుక్కోవడానికి కోరోసింక్, ఏది పనిలో ఉండాలో తేల్చడానికి పేస్‌మేకర్. అన్నీ ఉచితంగా దొరికేవే. ఒక సర్వరు పనిచేస్తుంటే రెండోది కాచుకుని ఉంటుంది. మొదటిది పడిపోతే రెండోది డిస్కును తన చేతిలోకి తీసుకుని, ఉమ్మడి ఐపీ చిరునామా తగిలించుకుని, డవ్‌కాట్‌ను, పోస్ట్‌ఫిక్స్‌ను లేపుతుంది. మా దగ్గర ఇదంతా నిమిషం లోపే అయిపోతుంది.

ఇంత హంగామా మెయిల్‌కు నిజంగా అవసరమా అని మొదట్లోనే అడిగి ఉండవలసింది. బయటినుంచి వచ్చే మెయిల్‌కు ఓపిక ఎక్కువ. మన సర్వరు పలకకపోతే పంపినవారి సర్వరు దాన్ని క్యూలో పెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. పోస్ట్‌ఫిక్స్ అయితే మామూలుగా 5 రోజుల దాకా పట్టు వదలదు. ఒక పూట సర్వరు ఆగినంత మాత్రాన ఉత్తరం పోదు. ఓపిక లేనిది మనుషులకు. పాత ఉత్తరం తెరుచుకోకపోతే అయిదు నిమిషాల్లో మా గది తలుపు దగ్గర ఉంటారు. అంటే కాపాడవలసింది ప్రధానంగా మెయిల్‌బాక్సులు ఉన్న డిస్కును, దాన్ని తెరిచే డవ్‌కాట్‌ను. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

అసలు పాఠం ఫెన్సింగ్ దగ్గర నేర్చుకున్నాను. ఎదుటి సర్వరు పలకనప్పుడు అది చచ్చిపోయిందో, మధ్యలో తీగ తెగిందో తెలియదు. కాబట్టి దాని కరెంటు తీసేసి, ఆ తర్వాతే డిస్కును ముట్టుకోవాలి. ఫెన్సింగ్ అంటే ఇదే. పేస్‌మేకర్‌లో దీన్ని స్టోనిత్ అంటారు. ఎదుటి యంత్రాన్ని తలలో కాల్చమని ఆ పేరుకు అర్థం. ప్రయోగం కోసం రాసిన సూచనల్లో దీన్ని ఆపేసి మొదలుపెట్టమని ఉంటుంది. నేనూ ఆపేశాను, తర్వాత తిరిగి పెట్టడం మరిచిపోయాను.

రెండో నెలలోనే దాని ఫలితం అనుభవించాను. సర్వర్లు వేర్వేరు స్విచ్‌లకు ఉన్నాయి. డీఆర్‌బీడీకి విడిగా కేబుల్ వేయలేదు. రెండు స్విచ్‌ల మధ్య లింకు తెగగానే ఎదుటిది పోయిందని రెండు సర్వర్లూ అనుకుని, రెండూ యజమానులయ్యాయి. ఒకే ఒరలో రెండు కత్తులు. మూడు గంటలపాటు సగం విభాగాల ఉత్తరాలు ఒక డిస్కులోకి, మిగతావారివి ఇంకో డిస్కులోకి వెళ్లాయి. లింకు తిరిగి వచ్చాక డీఆర్‌బీడీ రెండింటినీ కలపనని మొరాయించింది. అది చేసింది సరైన పనే. ఏదో ఒక వైపు వదులుకోవాలి. మెయిల్‌డిర్ పద్ధతి వాడడం వల్ల, అంటే ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు కావడం వల్ల, వదులుకునే వైపు కొత్త ఫైళ్లను ముందుగా వేరే చోటికి తీసి, తర్వాత ఎక్కించగలిగాను. తెల్లవారేదాకా పట్టింది. అన్నీ పెద్ద ఫైళ్లలో గుదిగుచ్చి ఉంటే ఏం చేసేవాడినో.

ఆ తర్వాత సర్వర్ల మధ్య నేరుగా కేబుల్ వేసి, సర్వరును దూరం నుంచే ఆపగలిగే, దాని లోపలి మేనేజ్‌మెంట్ కార్డు ద్వారా ఫెన్సింగ్ పెట్టాను. ఇక భయం లేదనుకున్నాను. ఒక రాత్రి యూపీఎస్ చచ్చి మొదటి సర్వరుకు కరెంటు పూర్తిగా పోయింది. దానితోపాటే మేనేజ్‌మెంట్ కార్డూ పోయింది. రెండోది "ఎదుటిదాన్ని ఆపు" అని అడుగుతుంది, జవాబు చెప్పే నాథుడు లేడు. ఆగిందని రూఢి కానిదే డిస్కు ముట్టుకోనని కూర్చుంది. నేను లేచి వెళ్లి, సర్వరు నిజంగా ఆగి ఉందని కళ్లారా చూసి, ఆ మాట చేత్తో టైపు చేసి చెప్తే కానీ కదలలేదు. ఆ సర్వరుకు రెండు పవర్ సప్లైలు ఉన్నాయి. రెండింటినీ ఒకే యూపీఎస్‌కు గుచ్చింది నేనే. ఒక తీగ మార్చి పక్క యూపీఎస్‌కు పెట్టడంతో ఆ బెడద తీరింది. క్లస్టరు మీద నేను పెట్టిన ఖర్చంతటిలో గిట్టుబాటైనది ఆ తీగే.

చిన్న చికాకులు మరికొన్ని. సర్వరు మారిన మొదటిసారి మా ఉత్తరాలు బయట స్పామ్‌లో పడ్డాయి. వచ్చేవి ఉమ్మడి చిరునామాకు వస్తున్నా, పోయేవి సర్వరు సొంత ఐపీ నుంచి పోతున్నాయి. మా పేరుతో మెయిల్ ఏ చిరునామాల నుంచి రావచ్చో బయటివారికి చెప్పే ఎస్‌పీఎఫ్ జాబితాలో ఆ ఐపీ లేదు. పోస్ట్‌ఫిక్స్‌లో ఒక్క వరుస రాస్తే సరిపోయింది. ఇంకోసారి రెండో సర్వరు పనిలోకి రాగానే ఫోన్లన్నీ సర్టిఫికెట్ గడువు తీరిందన్నాయి. 90 రోజుల గడువే ఉండే సర్టిఫికెట్‌ను పనిలో ఉన్న సర్వరు మాత్రమే మార్చుకుంటూ వచ్చింది. ఇప్పుడు అది ఉమ్మడి డిస్కు మీదే ఉంటుంది, పోస్ట్‌ఫిక్స్ క్యూ కూడా అక్కడే. చేత్తో ఒక సర్వరు నుంచి ఇంకోదానికి సేవను జరిపితే ఆ సేవ మళ్లీ అక్కడికి రాకూడదని పాత సర్వరు మీద చడీచప్పుడు లేకుండా ఒక నిషేధం మిగిలిపోయేది. అది తీసేయడం మరిచి ఒకసారి ఇరుక్కున్నాను. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్‌ను మార్చేటప్పుడు డీఆర్‌బీడీ మాడ్యూలు దానికి సరిపోతుందో లేదో చూసుకోవాలి, అది ఇప్పటికీ తప్పని పని.

మరి ఇంతకాలం ఎందుకు ఉంచుకున్నాను? హార్డ్‌వేరు పోయి క్లస్టరు ఆదుకున్నది రెండుసార్లే: ఒకసారి మదర్‌బోర్డు, ఒకసారి మెమరీ. రోజువారీ లాభం వేరే ఉంది. అప్‌డేట్ల కోసం ఆదివారం అర్ధరాత్రి కూర్చోవలసిన పని పోయింది. పగలు పదకొండింటికి ఒక సర్వరును పక్కన పెట్టి, అప్‌డేట్ చేసి, మళ్లీ కలుపుతాను. చాలామందికి మెయిల్ ఒక్కసారి తడబడినట్టు కూడా తెలియదు. సర్వర్ల మీద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ సెంటాస్ 7 కు మద్దతు 2024 జూన్ 30తో ముగిసినప్పుడు ఆల్మాలినక్స్ 9కి ఇలా ఒక్కో సర్వరునే కొత్తగా కట్టి మారాను.

యాభై మెయిల్‌బాక్సులు ఉన్న చోట ఇది పెట్టమని చెప్పను. ఒక మంచి సర్వరు, రోజూ బ్యాకప్, మెయిల్‌కు సహజంగా ఉన్న ఓపిక చాలు. బ్యాకప్ ఎలాగూ కావాలి: మా అకౌంట్స్ ఉద్యోగి పొరపాటున ఒక ఫోల్డరు మొత్తం చెరిపేస్తే, డీఆర్‌బీడీ ఎంతో నమ్మకంగా రెండో డిస్కులోనూ చెరిపేసింది.

లైబ్రరీ భవనంలో మూలన పడి ఉన్న పాత కంప్యూటర్‌ను ఈ వేసవిలో మూడో ఓటుగా, అంటే రెండు సర్వర్లకూ మాట తెగినప్పుడు ఏది పనిలో ఉండాలో తేల్చడానికి, కలుపుతున్నాను. దాని యూపీఎస్ వేరు. ఈసారి వెళ్లి చూసి వచ్చాను.