ఎనిమిది సీజన్ల ఎల్క్ వేట తర్వాత: మధ్యలో గోడ ఉన్న 180 గ్రెయిన్ల బుల్లెట్

నోస్లర్ పార్టిషన్ అనే బుల్లెట్, 180 గ్రెయిన్లు (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత, పదిహేను కలిస్తే దాదాపు ఒక గ్రాము), .30-06 రైఫిల్, ఇంట్లో నేనే నింపుకున్న తూటాలు. కొలరాడోలో ఎనిమిది సీజన్లుగా ఎల్క్ (జింక జాతిలో చాలా పెద్ద జంతువు) వేటకి ఇవే పట్టుకెళ్తున్నాను. వేగం, ఎనర్జీ లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకుంటున్నది ఆ బుల్లెట్ కడుపులో ఉన్న రాగి గోడ గురించి. దాని విలువ నాకు తెలిసింది మాత్రం వేరే బుల్లెట్ వల్ల, చాలా బాధపడ్డాక.

అది నా రెండో సీజన్. గ్రీన్ కార్డ్ వచ్చాకే రైఫిల్ కొన్నాను, హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు చేశాను, మొదటి ఏడాది ఏమీ దొరకలేదు. ఆ చలికాలమంతా గ్యారేజీలో తూటాలు నింపే రీలోడింగ్ ప్రెస్ ముందే గడిపాను. ముక్కున ప్లాస్టిక్ మొన ఉన్న 150 గ్రెయిన్ల బుల్లెట్ ఒకటి నా రైఫిల్‌కి బ్రహ్మాండంగా కుదిరింది. వంద గజాల దూరంలో మూడు దెబ్బలూ ఒక రూపాయి బిళ్ల కింద దాగిపోయేవి. కొలరాడో నిబంధనల్లో ఎల్క్‌కి కనీసం 85 గ్రెయిన్ల బుల్లెట్ ఉండాలని ఉంది, నాది 150, ఇంకేం కావాలి అనుకున్నాను. అది మామూలు చిన్న జింకల కోసం చేసిన పల్చటి బుల్లెట్ అని డబ్బా చూస్తేనే తెలుస్తుంది. కాగితం మీద పడ్డ ఆ మూడు చిల్లులు చూసి నేను ఆ సంగతి పట్టించుకోలేదు.

అక్టోబర్ చివర, మీకర్ ఊరి పైన ఫ్లాట్ టాప్స్ కొండల్లో, మడమ లోతు మంచు. సాయంత్రం నాలుగున్నర దాటాక, చీకటిగా ఉండే ఫర్ చెట్ల గుబురులోంచి ఒక మగ ఎల్క్ బయటికి వచ్చింది. నాకూ దానికీ మధ్య యాభై గజాలు కూడా లేవు. కొంచెం నావైపు తిరిగి నిలబడింది కాబట్టి ముందు జబ్బ మీద గురిపెట్టి పేల్చాను. మోకాళ్ల మీద పడింది. పడిపోయిందనే అనుకున్నాను. నేను బోల్ట్ లాగి రెండో తూటా ఎక్కించేలోపే లేచి చెట్లలోకి వెళ్లిపోయింది. మంచు మీద నెత్తురు చుక్కలు చుక్కలుగా, ఒక్కో చుక్కకీ రెండు మూడు అడుగుల దూరం. చీకటి పడేదాకా వెతికి, ఇంకా తరిమితే ఇంకా దూరం పోతుందని ఆగిపోయాను. ఆ రాత్రి టెంట్‌లో కునుకు పట్టలేదు. నేను కొట్టిన జంతువు ఎక్కడో ఆ చలిలో నొప్పితో తిరుగుతోందన్న ఆలోచన తప్ప ఇంకేమీ లేదు.

తెల్లారి ఎనిమిదింటికి దొరికింది, కొట్టిన చోటికి కిలోమీటరున్నర దూరంలో. ఎప్పుడో రాత్రే చచ్చిపోయింది. మూడు వందల కిలోల ఒళ్లు, దళసరి చర్మం, బయట గడ్డకట్టే చలి ఉన్నా లోపలి వేడి ఎముక దగ్గరే ఉండిపోతుంది. వెనక తొడలు కోసేసరికి తుంటి ఎముక పక్కన మాంసం పచ్చగా మారి పులిసిన కంపు కొట్టింది. ముందు జబ్బ కోశాను. ఎముక పగిలి ఉంది. బుల్లెట్ పైతొడుగు మాత్రం సోడా మూతలా నలిగి అక్కడే ఉంది, లోపలి సీసమంతా నువ్వు గింజల్లా మాంసంలో చెదిరిపోయింది. ఒకే ఒక్క ముక్క ఒక ఊపిరితిత్తిని తాకింది, అంతే. తేలికైన, వేగంగా పోయే, మెత్తటి బుల్లెట్‌ని అంత దగ్గర నుంచి ఎముక మీద కొడితే అది నిలవదు. ఒక్క జంతువుకే పనికొచ్చే లైసెన్సు ట్యాగ్ ఆ మిగిలిన మాంసానికే కట్టుకుని కిందికి దిగాను.

ఇలాంటిదే 1946లో కెనడాలో, ఈ పార్టిషన్‌ని తయారుచేసిన జాన్ నోస్లర్‌కి జరిగింది. బ్రిటిష్ కొలంబియాలో ఒంటినిండా బురద పట్టిన మూస్‌ని (ఎల్క్ కంటే పెద్ద జింక జాతి జంతువు) కొడితే బుల్లెట్లు లోపలిదాకా వెళ్లలేదు. ఆయన ఇంటికొచ్చి బుల్లెట్‌ని రెండు గదులుగా చేశాడు: ముందో సీసం గది, వెనకో సీసం గది, మధ్యలో పైతొడుగుతో కలిసి ఒకటే లోహంగా ఉండే రాగి గోడ. ముందు భాగం విచ్చుకుని, చిట్లి, గాయం చేస్తుంది. వెనక భాగం చెక్కుచెదరకుండా లోపలికి దూసుకుపోతుంది. అదే పార్టిషన్, 1948 నుంచి అమ్ముతున్నారు. మొదటిసారి దీని గురించి చదివినప్పుడు పాత కాలపు సరుకులే అని వదిలేశాను, ఆ ఎల్క్ తర్వాత మళ్లీ వెతుక్కుని చదివాను.

మరుసటి ఏడాది అవే కొండలు, ఈసారి పార్టిషన్‌తో. 210 గజాలు, మగది, మళ్లీ నావైపు తిరిగే నిలబడింది. చేతులు వణికాయి, చాలాసేపు పేల్చలేదు. చివరికి పేల్చాను. పది అడుగులు వేసి కూలిపోయింది. తోలు తీస్తుంటే అవతలి వైపు చివరి పక్కటెముక వెనక, చర్మం కింద ఏదో గట్టిగా తగిలింది. కత్తి మొనతో చీల్చితే బుల్లెట్ అరచేతిలో పడింది. ముందు జబ్బ ఎముక, రెండు ఊపిరితిత్తులు, పక్కటెముకలు, అన్నీ దాటి వచ్చింది. ముందు రేకులు వెనక్కి ముడుచుకుని పుట్టగొడుగులా ఉంది, రేకుల మధ్య సీసం లేదు, ఎర్రటి రాగి గోడ నున్నగా కనిపిస్తోంది, దాని వెనక భాగం డబ్బాలోంచి అప్పుడే తీసినట్టుంది. ఇంటికొచ్చి తుపాకి మందు తూచే త్రాసు మీదే పెట్టాను: 119 గ్రెయిన్లు. ఇప్పటికీ నా బెంచీ మీద చిన్న స్టీలు డబ్బాలో ఉంది. ఎవరైనా బుల్లెట్ల గురించి అడిగితే ముందు అది తీసి చేతిలో పెడతాను.

తూటా నింపడం గురించి రెండు మాటలు. మందు ఎన్ని గ్రెయిన్లు వేస్తానో రాయను, మీ రైఫిల్ వేరు నా రైఫిల్ వేరు, రీలోడింగ్ మాన్యువల్‌లో గరిష్ఠానికి పది శాతం కింద మొదలుపెట్టి మెల్లగా పెంచుకోండి. నేను నేర్చుకున్నది చలి సంగతి. ఆగస్టు ఎండలో, బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ సెకనుకి 2,730 అడుగులు చూపించిన తూటా, మైనస్ పది డిగ్రీల్లో 2,660 చూపించింది. వేరే మందుకి మారాక ఆ తేడా బాగా తగ్గింది. ఇంకొకటి, వేటకి వెళ్లేముందు ప్రతి తూటానీ రైఫిల్‌లో ఒకసారి ఎక్కించి దించండి. మెడ మాత్రమే సైజు చేసిన (మళ్లీ కొలతకి తెచ్చిన) కేసు, అంటే తూటా ఇత్తడి గొట్టం, ఒకటి కొండ మీద బోల్ట్ మూయనివ్వలేదు, అప్పటినుంచి పూర్తిగా సైజు చేస్తున్నాను.

ఇంత పొగిడాక కొన్ని ఒప్పుకోవాలి. ఎనిమిది సీజన్లలో ఈ బుల్లెట్‌తో ఐదు ఎల్క్‌లు కొట్టాను, వాటిలో మూడు పక్కకి తిరిగి నిలబడినవే. జబ్బ వెనక, పక్కటెముకల మధ్య పడిన దెబ్బ అది. నిజానికి ఆ మూడింటికీ ఓ మోస్తరు బుల్లెట్ ఏదైనా సరిపోయేది. నా రైఫిల్‌లో దీని దెబ్బలు వంద గజాలకి ఒకదానికొకటి అంగుళంన్నర కంటే దగ్గరగా పడవు. మూడు వందల గజాలు దాటి నేను కొట్టను కాబట్టి నాకు ఫర్వాలేదు. విశాలమైన బయలు ప్రదేశంలో నాలుగైదు వందల గజాలు కొట్టేవాళ్లకి నేను ఇదే చెప్పలేను.

ఇంకో విషయం ఉంది, అది ఇంట్లో మొదలైంది. ఆ పగిలిపోయిన బుల్లెట్ ఎల్క్ ముందు జబ్బ మాంసంలో బాగున్నదాన్ని ఏరి ఫ్రీజర్‌లో పెట్టాం. ఒక ఆదివారం మా ఆవిడ దాన్ని గోంగూరతో వండింది. మా పాప నాలుగు ముద్దలు తిని, నోట్లోంచి ఏదో తీసి కంచం అంచున పెట్టింది. సజ్జ గింజంత సీసం ముక్క. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, కూర గిన్నె మూసేసి పప్పు వేడి చేసింది. మిగిలిన ప్యాకెట్లన్నీ పారేశాను.

పార్టిషన్‌తో నాకు అలా ఎప్పుడూ కాలేదు. కానీ 180లోంచి 119 తీస్తే 61 గ్రెయిన్లు, దాదాపు నాలుగు గ్రాములు, ఎక్కడో లోపలే ఉండిపోయినట్టే కదా. ముందు భాగం చిట్లడమే ఆ బుల్లెట్ పద్ధతి, దాన్ని లోపం అనలేం. అందుకే గాయం చుట్టూ జానెడు మాంసం కోసి పారేస్తాను, ముందు జబ్బది ఖీమాకి వేయను. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకి ఈ చర్చే అక్కర్లేదు, అక్కడ 2019 జూలై నుంచి వేటకి సీసం తూటాలు నిషేధం, రాగివో మరొకటో, సీసం లేని బుల్లెట్లే వాడాలి.

రాగి బుల్లెట్లు నేనూ తెచ్చాను, 165 గ్రెయిన్లవి. ముక్కలవ్వవు, బరువు దాదాపు మొత్తం నిలుపుకుంటాయి. వేగం బాగా తగ్గాక సరిగ్గా విచ్చుకోవని కొంత భయం, దానికి తేలికైనది తీసుకుని వేగం పెంచుకోవాలంటారు. తేలిక, వేగం అన్న రెండు మాటలు వింటే నాకు ఆ మంచు మీది నెత్తురు చుక్కలే గుర్తొస్తాయి. రెండింటి తయారీ పూర్తిగా వేరని తెలుసు, అయినా మనసు ఒప్పుకోవడానికి టైమ్ పడుతోంది.

కాబట్టి నాలాగా .30-06తో, చెట్ల మధ్య, మూడు వందల గజాల లోపు వేటాడుతూ, జంతువు ఎటు తిరిగి నిలబడుతుందో తెలియని పరిస్థితిలో ఉంటే పార్టిషన్ తీసుకోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాంసం కోసేటప్పుడు ఇంకో గంట ఎక్కువ పట్టినా ఫర్వాలేదనుకోండి, లేదా రాగి చూడండి. ఈ నవంబర్‌కి నాకు ఆడ ఎల్క్ ట్యాగ్ ఉంది. బెంచీ మీద రెండు డబ్బాలు పక్కపక్కనే ఉన్నాయి, ఒక్కోదాంట్లో ఇరవై తూటాలు. మొదటి మంచు పడ్డాక రాగివి షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లి చలిలో ఎలా పడతాయో చూస్తాను. అవి అంగుళంన్నర లోపు పడితే ఈసారి అవే.