ఆర్ట్స్ కాలేజీలో ఎమ్మే: పాలమూరు నుంచి ఒక లెక్చరర్ రివ్యూ

డిగ్రీ ఫలితాలు రాగానే మా జడ్చర్లలో తల్లిదండ్రులు అడిగే మాట ఇదే: "మేడం, ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీల ఎమ్మే చేపిస్తే పిల్లకు ఏమన్న ఫాయిదా ఉంటదా?" అక్కడే చదివి, ఇప్పుడు చరిత్ర చెప్పుకుంటున్న నా జవాబు: పంపండి.

అందరూ ముందు బిల్డింగు దగ్గర ఫోటో దిగుతారు. దిగాల్సిందే, అంత బాగుంటుంది. గులాబీ రంగు గ్రానైటు, పెద్ద కమాను, లోపలికి వెళ్తే గుళ్లను గుర్తుచేసే స్తంభాలు. ప్లాను బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్‌ది. 1934 జులై 5న పునాది వేశారు, 1939 డిసెంబర్ 4న తెరిచారు.

నాకు మాత్రం ఆ గోడల కన్నా ఆ చదువు వెనుక ఉన్న ఆలోచన ఎక్కువ. పై చదువంటే ఇంగ్లీషే అనుకునే రోజుల్లో, 1918లో, ఏడో నిజాం పెట్టిన ఈ యూనివర్సిటీలో పాఠం ఉర్దూలో చెప్పారు. వైద్యం కూడా ఉర్దూలోనే. పుస్తకాల కోసం ముందే, 1917లో, అనువాదానికి 'దారుల్ తర్జుమా' అని ఒక సంస్థ పెట్టారు. మన దేశపు భాషలో ఏ శాస్త్రమైనా చెప్పొచ్చని చేసి చూపించారు. అది గొప్ప పని అని నేను క్లాసులో గట్టిగానే చెప్తాను. అయితే మా పాలమూరు ఊళ్లలో ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఆ పిల్లలకు ఉర్దూ కూడా కష్టపడి నేర్చుకోవాల్సిన భాషే. ఈ బిల్డింగుకు పునాది పడిన 1934లోనే మా పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి 354 మంది తెలంగాణ కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితేనే ఆ కాలం అర్థమవుతుంది.

తెలుగుకు అక్కడ చోటే లేదని కాదు. తెలుగు శాఖలో రాయప్రోలు సుబ్బారావు పాఠం చెప్పారు. ఉర్దూ మీడియంలో చదువుకున్న సినారె తర్వాత అక్కడే తెలుగులో డాక్టరేట్ చేసి, అక్కడే ప్రొఫెసర్ అయ్యారు. బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద పరిశోధన చేశారు. నాట్లేసేటప్పుడు మా అవ్వ పాడిన పాటలాంటివి యూనివర్సిటీలో చదువయ్యాయంటే నాకు ఇప్పటికీ సంతోషమే. 1948 తర్వాత ఉర్దూ మీడియం పోయి ఇంగ్లీషు వచ్చింది.

ఇప్పుడు తెలుగు, ఉర్దూ, సంస్కృతం, పర్షియన్, అరబిక్, చరిత్ర, ఫిలాసఫీ, సోషియాలజీ అన్నీ ఉన్నాయి. మా జిల్లా పిల్లలకు నేను ముందు చెప్పేది ప్రాచీన భారత చరిత్ర, పురావస్తు శాస్త్రం. ఆలంపూర్ నవబ్రహ్మ ఆలయాలకు పుష్కరాలప్పుడు పోయి దండం పెట్టుకొని వస్తాం. అవి బాదామి చాళుక్యుల కాలం నాటివని, శ్రీశైలం ముంపులో పోకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి అక్కడ నిలబెట్టారని తెలిసిన పిల్ల ఆ గుడిని చూసే తీరే వేరుగా ఉంటుంది. తన తాలూకా మీద తనే థీసిస్ రాయొచ్చు.

తెలుగు మీడియం పిల్లలు ఎండాకాలం సెలవుల నుంచే ఇంగ్లీషు పుస్తకాలు రోజూ కొన్ని పేజీలు చదవడం మొదలుపెట్టాలి. డిక్షనరీ దగ్గర పెట్టుకుంటే చాలు, కోచింగ్ అక్కర్లేదు.

ఇల్లు విడిచి పంపలేనివాళ్లకు 2008లో వచ్చిన మన పాలమూరు యూనివర్సిటీ ఉంది. రెండింటికీ పీజీ ప్రవేశానికి సీపీజీఈటీ ఒక్కటే పరీక్ష, కాబట్టి ఆప్షన్లలో రెండూ పెట్టండి. ముందొకసారి కాలేజీ చూసి రావాలంటే మహబూబ్‌నగర్‌లో రైలెక్కి కాచిగూడలో దిగండి. అక్కడ ఎంఎంటీఎస్ లోకల్ రైలు పట్టుకుంటే స్టేషన్ పేరే ఆర్ట్స్ కాలేజ్.