డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్: హారర్ ఓపెనింగ్ తీసే విద్యార్థులకు ఎంతవరకు పనికొస్తుంది?

ఫోన్‌తో తీసిన రెండు నిమిషాల హారర్ ఓపెనింగ్‌ని, అంటే సినిమా మొదటి సన్నివేశాన్ని, పైసా ఖర్చు లేకుండా ఎడిట్ చేయాలంటే డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ని మించింది లేదు. వాటర్‌మార్క్ వేయదు, గడువు పెట్టదు, 4కే అల్ట్రా హెచ్‌డీలో 60 ఫ్రేముల దాకా ఎక్స్‌పోర్ట్ చేస్తుంది. కటింగ్, కలర్, సౌండ్ అన్నీ ఒకే చోట. అయితే చాలాకాలం వాడాక తేలేదేమిటంటే, దీని అసలు లోపం ఎడిటింగ్ టేబుల్ దగ్గర కాదు, షూటింగ్ రోజునే మీ మెడకు చుట్టుకుంటుంది.

వీడియోలో నాయిస్ (చీకట్లో తీస్తే వచ్చే రంగు చుక్కలు) తగ్గించే టూల్ డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే ఉంది. పెళ్లి వీడియోకి ఇది పెద్ద లోటు కాకపోవచ్చు. హారర్‌కి మాత్రం ప్రాణాంతకం. గదిలో లైట్లన్నీ ఆపేసి 'సహజంగా ఉంటుంది' అనుకుంటూ తీస్తే ఫోన్ ఐఎస్ఓని (వెలుతురుని పట్టుకునే సున్నితత్వాన్ని) 1600 దాటించేస్తుంది, నల్లటి గోడ మీద రంగు చుక్కలు చీమల్లా పాకుతాయి. కలర్ పేజీలో ఎంత లాగినా అవి పోవు, పైగా ఇంకా తేలతాయి. దాన్ని యూట్యూబ్‌లో పెడితే కంప్రెషన్‌కి గోడంతా గళ్లుగళ్లుగా పగులుతుంది.

కాబట్టి వెలుతురు పెట్టి తీయండి, చీకటి ఎడిటింగ్‌లో చేసుకోండి. ఐఎస్ఓ 400 దాటనివ్వొద్దు. కిటికీ బయటో, తలుపు వెనకో ఒక 9 వాట్ల తెల్ల ఎల్ఈడీ బల్బు, దాని ముందు బటర్ పేపర్ పెట్టండి. పేపర్ బల్బుకి తగలకూడదు. ముఖానికి ఒక పక్కే వెలుగు పడాలి, రెండో పక్క నల్ల దుప్పటి కట్టండి. నటుణ్ణి గోడకి కనీసం రెండు మీటర్ల దూరంలో నిలబెడితే గోడ తనంతట తనే చీకటవుతుంది. వైట్ బ్యాలెన్స్‌ని (కెమెరా ఏ వెలుగుని తెలుపనుకోవాలో చెప్పే సెట్టింగ్‌ని) 3200 కెల్విన్ దగ్గర లాక్ చేస్తే ఆ తెల్ల బల్బే వెన్నెల నీలంగా కనిపిస్తుంది. ఫ్రేములో పసుపు రంగు జీరో బల్బో, దీపమో ఒకటి ఉంటే చీకటి నమ్మేలా ఉంటుంది. ఏమీ లేని నలుపు చూసి ఎవరూ భయపడరు, లెన్స్ మూత తీయలేదనుకుంటారు.

ఇవన్నీ లాక్ చేయడానికి రిజాల్వ్ తయారుచేసే బ్లాక్‌మ్యాజిక్ కంపెనీయే ఉచితంగా ఇచ్చే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉంది. ఐఫోన్‌కి 2023లో, ఆండ్రాయిడ్‌కి 2024లో వచ్చింది. అన్ని ఫోన్లలోనూ పనిచేయదు, ముందే చూసుకోండి. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి బల్బులు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. ఫోన్‌ని ఆటోలో వదిలేసి అది 30 ఫ్రేములు, 1/60 ఎంచుకుంటే ఫ్రేములో నల్ల పట్టీలు దొర్లుతాయి. ఆ పట్టీలు తీసే డీఫ్లికర్ కూడా స్టూడియోలోనిదే.

ఫోన్ సొంత కెమెరా యాప్‌తో తీస్తే ఇంకో తలనొప్పి. చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటుని నిలకడగా ఉంచవు. రిజాల్వ్‌కి ఇది పడదు, షాట్ సాగేకొద్దీ పెదాలకీ మాటకీ పొంతన తప్పుతుంది. ముందే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత వీడియో కన్వర్టర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని మార్చుకోవాలి. ఫుటేజీని వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపుకుంటే నాణ్యత అక్కడే చచ్చిపోతుంది. కేబుల్‌తో కాపీ చేయండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి.

ప్రాజెక్టు తెరవగానే సెట్టింగ్స్‌లో టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్ 25 అని పెట్టాకే మొదటి క్లిప్‌ని తేవాలి. తర్వాత మార్చబోతే ఆ గడి తాళం పడి ఉంటుంది. క్లిప్ వేసేటప్పుడు ఫ్రేమ్ రేట్ మార్చనా అని అడిగే పెట్టెకి చదవకుండా సరే కొట్టేవాళ్లే ఎక్కువ.

ఎడిట్ పేజీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, బాగుంది. ఆల్ట్ పట్టుకుని నొక్కితే ఆడియో ఒక్కటే సెలక్ట్ అవుతుంది. తలుపు కిర్రుమనే చప్పుడుని ముందు షాట్‌లోకి పన్నెండు ఫ్రేములు లాగడానికి అది చాలు.

కలర్ పేజీలో నాలుగు నోడ్లు (ఒకదాని తర్వాత ఒకటిగా మార్పులు చేసే గడులు) సరిపోతాయి. మొదటిదాంట్లో ఎక్స్‌పోజర్ దించడం, రెండోదాంట్లో రంగు సరిచేయడం, మూడోదాంట్లో శాచురేషన్ (రంగుల గాఢత) 50 నుంచి 30-35కి తేవడం, నాలుగోదాంట్లో గుండ్రటి విండో వేసి, తిరగేసి, అంచుల్ని మెత్తగా చీకటి చేయడం. చీకటి భాగాల్ని దించే లిఫ్ట్‌ని మరీ కిందికి తొక్కేయొద్దు. వెలుగుని 0 నుంచి 1023 దాకా కొలిచి చూపే వేవ్‌ఫామ్ గ్రాఫ్‌లో ముఖం వెలుగు పక్క 300 చుట్టుపక్కల ఉంటే పగటిపూట ఫోన్లో చూసినా కనిపిస్తుంది. ఫిల్మ్ గ్రెయిన్ ఎఫెక్ట్ జోలికి పోవద్దు, అది స్టూడియోలోనిది, మామూలుగా వాటర్‌మార్క్ వేయని ఉచిత వెర్షన్ కూడా అలాంటిది వాడితే తెర మీద ముద్ర వేస్తుంది. గ్రెయిన్ క్లిప్ ఒకటి పై ట్రాక్‌లో పెట్టి, ఓవర్‌లే మోడ్‌లో 20-30 శాతం ఒపాసిటీ ఇస్తే సరి.

సౌండ్ పని చేసే ఫెయిర్‌లైట్ పేజీని విద్యార్థులు దాదాపు ముట్టుకోరు. భయం అక్కడే తయారవుతుంది. కరెంటు గుర్రు తగ్గించే డీ-హమ్మర్‌ని 50 హెర్ట్జ్ మీద పెడితే ఫ్రిజ్ గుర్రు చాలావరకు పోతుంది. ఫ్యాను గాలి చప్పుడు వేరు, అది దీంతో పోదు, షూటింగ్‌లోనే ఆపేయాలి. ప్రతి లొకేషన్‌లోనూ అందరూ నోరు మూసుకుని ముప్పై సెకన్ల గది శబ్దం రికార్డు చేసుకోండి. ఉలిక్కిపడే చోటుకి ముందు ఒకటి రెండు సెకన్లు ఆ గది శబ్దాన్ని 10 డెసిబెల్స్ తగ్గించండి, సున్నా మాత్రం చేయొద్దు. సున్నా చేస్తే స్పీకర్ పోయిందనుకుంటారు. డౌన్‌లోడ్ చేసిన ఎఫెక్టుల మొదట్లో తరచూ రెండు మూడు ఫ్రేముల ఖాళీ ఉంటుంది, అది కత్తిరించకపోతే దెబ్బ ఆలస్యంగా పడుతుంది. 40 హెర్ట్జ్ దగ్గర గుమ్మనే లోతైన మోత హెడ్‌ఫోన్లలో అదిరిపోతుంది, ఫోన్ స్పీకర్లో వినిపించదు. అందుకే 150-300 హెర్ట్జ్ మధ్య ఇంకో పొర కలపాలి.

లౌడ్‌నెస్ విషయంలో యూట్యూబ్ కొలత మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (మొత్తం శబ్దం చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే లెక్క) అని విని మొత్తాన్నీ అక్కడికి లేపేస్తుంటారు. అలా లేపితే నిశ్శబ్దం కూడా లేచి, అరుపుకి విలువ పోతుంది. మైనస్ 18 దగ్గర వదిలేసినా తప్పులేదు. యూట్యూబ్ గట్టివాటిని తగ్గిస్తుంది గానీ, మెల్లగా ఉన్నవాటిని పెంచదు.

టైటిల్స్ తెలుగులో వేస్తే ఒత్తులూ గుణింతాలూ అక్షరం అక్షరం చూసుకోండి. విడిపోతున్నట్టుంటే వేరేచోట తయారుచేసి, వెనక రంగు లేని పీఎన్‌జీగా తెచ్చి పెట్టుకోవడమే మేలు.

కాలేజీ ల్యాబ్‌ సంగతి. 8 జీబీ ర్యామ్ మీద తెరుచుకుంటుంది గానీ నడవదు. 16 జీబీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉంటే 1080పీ హాయిగా సాగుతుంది. తక్కువైతే ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసే తేలికపాటి నకళ్లు) చేసుకుని, ప్లేబ్యాక్ రిజల్యూషన్ పావుకి దించండి. ల్యాబ్‌లో ఉబుంటు ఉంటే ఉచిత వెర్షన్ ఫోన్ వీడియోల్ని తెరవదు. ఇంకోటి, ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఫైలుగా సేవ్ కాదు, ఆ కంప్యూటర్ డేటాబేస్‌లో కూర్చుంటుంది. ఎవరైనా ఫార్మాట్ కొడితే అంతే సంగతులు. రోజూ లేచే ముందు డీఆర్‌పీ (రిజాల్వ్ ప్రాజెక్టు) ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, ఫుటేజీతో పాటు హార్డ్ డిస్క్‌లో పెట్టుకోండి. మరునాడు క్లిప్పులన్నీ ఎర్రగా 'మీడియా ఆఫ్‌లైన్' అంటే కంగారు వద్దు, డ్రైవ్ అక్షరం మారి ఉంటుంది, రీలింక్ చేస్తే వచ్చేస్తాయి.

స్టూడియో ధర 295 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు. విద్యార్థి బృందానికి మా సలహా మాత్రం వద్దనే. ఆ డబ్బులో చిన్న భాగంతో రెండు ఎల్ఈడీ ప్యానెళ్లు, ఒక ట్రైపాడ్ వస్తాయి. చీకట్లో తీసేసి, రీషూట్‌కి దారి లేనివాళ్లయితే ఆలోచించవచ్చు. అప్పుడు కూడా అది చుక్కల్ని తగ్గిస్తుందే తప్ప, రికార్డే కాని ముఖాన్ని తెచ్చిపెట్టదు.